కుర్రాళ్ళ కోసం ఎన్నాళ్ళు ఆగాలి? హాకీ అభిమానుల ప్రశ్నలు, మా జవాబులు

చెన్నైలో జూనియర్ ప్రపంచకప్ జరిగిన దగ్గర్నుంచి మాకొస్తున్న హాకీ ఉత్తరాల్లో గొడవంతా ఒక్క విషయం మీదే. వచ్చి రెండేళ్ళయినా కుదురుకోని కుర్రాళ్ళను ఇంకా ఎన్నాళ్ళు ఆడిస్తారని కొందరు, పిల్లలు ఎదిగేదాకా కాస్త ఆగలేరా అని ఇంకొందరు. రెండు వైపుల నుంచీ కొన్ని ప్రశ్నలు తీసుకున్నాను. ఇందులో నేను ఎటువైపో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: చెన్నై జూనియర్ ప్రపంచకప్ సెమీస్‌లో జర్మనీ చేతిలో 1-5తో ఓడిపోయాం. జూనియర్లలో హీరోలైనవాళ్ళు సీనియర్ జట్టులోకి వచ్చాక కనిపించకుండా పోవడం కూడా చూస్తూనే ఉన్నాం. రెండు సీజన్లు ఇచ్చి చూడాలి, తేలకపోతే తర్వాతివాడికి దారి వదలాలి. ఇందులో తప్పేముంది? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

రెండు సీజన్ల లెక్క పెడితే టోక్యో ఒలింపిక్స్‌లో మనకు పతకం వచ్చేది కాదు. 2016లో లక్నోలో బెల్జియంను 2-1తో ఓడించి జూనియర్ ప్రపంచకప్ గెలిచిన జట్టును గుర్తు చేసుకోండి. హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, గుర్జంత్, సిమ్రన్‌జీత్, వరుణ్, సుమిత్, నీలకంఠ శర్మ ఆ జట్టు వాళ్ళే, అయిదేళ్ళ తర్వాత టోక్యోలో కాంస్యం మెడలో వేసుకున్నదీ వాళ్ళే. మధ్యలో ఆ అయిదేళ్ళూ అందరికీ సాఫీగా గడవలేదు. కొందరు జట్టులోకి వచ్చారు, పోయారు, మళ్ళీ వచ్చారు. సిమ్రన్‌జీత్‌కైతే టోక్యోకు ముందు ప్రకటించిన 16 మందిలో చోటే దక్కలేదు, రిజర్వుగా తీసుకెళ్ళారు. కరోనా వల్ల ఆ ఒక్కసారికి రిజర్వులను కూడా ఆడించుకోవచ్చని నిబంధన మార్చారు కాబట్టి మైదానంలోకి దిగగలిగాడు. దిగినవాడు కాంస్యం కోసం జర్మనీతో జరిగిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. ఆ మ్యాచ్ మనం గెలిచింది 5-4తో. మీ లెక్క ప్రకారం అతను ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయి ఉండాల్సినవాడు.

అయితే అదే జట్టు కెప్టెన్ హర్జీత్ సింగ్ పేరు టోక్యో జాబితాలో లేదు. కాబట్టి ఆగితే చాలు అందరూ పైకి వచ్చేస్తారని నేను అనను. ఎవరు వస్తారో ఇరవై ఏళ్ళ వయసులో చూసి చెప్పడం కోచ్‌లకే కష్టం, టీవీ ముందు కూర్చున్న మనకు ఇంకా కష్టం, నేను చెప్పేది అంతే.

జూనియర్‌లో మెరిసినవాడు సీనియర్‌లో ఎందుకు తడబడతాడో కూడా చూడాలి. జూనియర్ మ్యాచ్‌లో బంతి అందుకున్నాక తలెత్తి చూసుకోవడానికి కాస్త టైమ్ దొరుకుతుంది, ఒకరిద్దరిని డ్రిబుల్ చేసి డీలోకి, అంటే గోల్ ముందు గీసిన వంపు గీత లోపలికి, దూసుకుపోవచ్చు. నెదర్లాండ్స్ మీదో బెల్జియం మీదో ఆడేటప్పుడు ఆ టైమ్ ఉండదు, బంతి రాకముందే ఎటు తిప్పాలో తేల్చుకుని ఉండాలి. అక్కడి డిఫెండర్ మీదకు దూకడు, మిమ్మల్ని మెల్లగా సైడ్‌లైన్ వైపు తోసుకుంటూ పోతాడు, మీరు ఇరుక్కున్నాక బంతి లాక్కుంటాడు. అది నేర్చుకోవడానికి ఆ స్థాయి మ్యాచ్‌లే ఆడాలి, క్యాంపులో ఎన్ని నెలలున్నా రాదు. ఇంకొక మాట, ఆ జర్మనీ ఓటమి తర్వాత అదే పిల్లలు అర్జెంటీనా మీద 0-2తో వెనకబడి 4-2తో గెలిచి కాంస్యం తెచ్చారు. మాకొచ్చిన ఉత్తరాల్లో ఆ మ్యాచ్ గురించి రాసినవాళ్ళు చాలా తక్కువ, నాకు బాధేసింది.

ప్రశ్న: ఓపిక, ఓపిక అంటారు. ఒలింపిక్స్‌కు తీసుకెళ్ళేది 16 మందిని. ఎదుగుతున్న కుర్రాడి కోసం ఫామ్‌లో ఉన్న సీనియర్‌ను ఇంట్లో కూర్చోబెట్టాలా? పతకం పోతే ఎవరిది బాధ్యత? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

కూర్చోబెట్టకూడదు. ఈ విషయంలో నేను పూర్తిగా మీతోనే ఉన్నాను. ఒలింపిక్స్, ప్రపంచకప్ నేర్చుకునే చోట్లు కావు. కుర్రాడిని పక్కన పెట్టడం వేరు, వదిలేయడం వేరు, మన వాదనల్లో ఆ రెండూ కలిసిపోతున్నాయి.

దిల్‌ప్రీత్ సింగ్‌ను తీసుకోండి. 2018లో వచ్చాడు, అదే ఏడాది ఇంకా కుర్రతనం పోకుండానే భువనేశ్వర్‌లో ప్రపంచకప్ ఆడాడు. తర్వాత జట్టులో చోటు పోయింది. తిరిగొచ్చి టోక్యో జట్టులో ఉన్నాడు. పారిస్ జట్టులో మళ్ళీ లేడు. అప్పట్లో అతని కథ అయిపోయిందనుకున్నవాళ్ళు చాలామంది. 2025 సెప్టెంబరులో రాజ్‌గిర్‌లో ఆసియాకప్ ఫైనల్లో కొరియాను 4-1తో ఓడించామే, అందులో రెండు గోల్స్ అతనివే. మొదటిసారి వచ్చినప్పటి నుంచి లెక్కేస్తే ఏడేళ్ళు. రెండుసార్లు పక్కన పెట్టారు, రెండుసార్లూ సెలక్టర్లను నేను తప్పు పట్టను. తలుపు మూసెయ్యలేదు కదా, నాకు కావలసింది అదే.

మరి ఎక్కడ ఆడించాలి అంటారా, దేశాల జట్ల మధ్య ఏటా జరిగే ప్రో లీగ్ ఉంది. ఒక్కో జట్టుకు 16 మ్యాచ్‌లు, అన్నీ పెద్ద జట్లతోనే. ఇంతకన్నా మంచి చోటు లేదు. కానీ అదీ ఊరికే రాదు. 2024-25 సీజన్‌లో మన మహిళల జట్టు ఆఖరి స్థానంలో నిలిచి ప్రో లీగ్ నుంచే కిందికి పడిపోయింది. దాంతో కుర్ర ప్లేయర్లను పెద్ద జట్ల మీద ఆడించి చూసే మ్యాచ్‌లే పోయాయి. అందుకని ఒకేసారి ఆరేడుగురు కొత్తవాళ్ళను దింపి దానికి ప్రయోగమని పేరు పెట్టడం నాకు నచ్చదు. ఇద్దరిని దింపాలి, వాళ్ళ చుట్టూ అనుభవం ఉన్నవాళ్ళను ఉంచాలి, ఒక మ్యాచ్ చెడితే మర్నాడే పీకేయకుండా వరుసగా ఆడించాలి. ఒక మ్యాచ్ ఆడించి మూడు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చోబెడితే ఆ కుర్రాడు తప్పు చేస్తానేమోనన్న టెన్షన్‌తో బంతిని వెనక్కి తోయడం తప్ప ఏమీ చేయడు. చూసేవాళ్ళం మనం అతనికి ధైర్యం లేదని తేల్చేస్తాం.

ప్రశ్న: పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. రాణి రాంపాల్ పదిహేనేళ్ళకే 2010 ప్రపంచకప్ ఆడింది. నిజమైన టాలెంట్ ఉంటే ఆలస్యం ఎందుకవుతుంది? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

రాణి ఫార్వర్డ్. వేగం, గోల్ వాసన పట్టే తెలివి చిన్న వయసులోనే కనిపించేస్తాయి. గోల్ కీపర్, డిఫెండర్ దగ్గర అలా కుదరదమ్మా.

శ్రీజేష్ సీనియర్ జట్టులోకి వచ్చింది 2006లో. నంబర్ వన్ కీపర్‌గా కుదురుకునేసరికి 2011 వచ్చింది. ఆ మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో మనం ఆఖరున, 12వ స్థానంలో నిలిచాం. అతని పేరు ఇంటింటికీ తెలిసింది 2014 ఆసియా క్రీడల ఫైనల్లో, పాకిస్తాన్ మీద షూటౌట్‌లో. ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ తర్వాత టోక్యో, పారిస్ రెండు కాంస్యాలూ అతను గోల్‌లో నిలబడితే వచ్చినవి. ఇక అతని వెనక కృషన్ పాఠక్ 2018 నుంచి 2024 దాకా ఆగాడు. ఆ ఆరేళ్ళలో అతనికి అడపాదడపా మ్యాచ్‌లు, ఒక్కోసారి సగం మ్యాచే దొరికేవి. సవితా పూనియా సీనియర్ జట్టులో ఆడటం మొదలుపెట్టింది 2011లో. ప్రపంచంలో ఆ ఏటి మేటి గోల్ కీపర్‌గా అంతర్జాతీయ సమాఖ్య అవార్డు వరుసగా మూడుసార్లు గెలవడం మొదలైంది 2021లో. కీపర్ పనిలో సగం బంతిని ఆపడమైతే మిగతా సగం ముందు నిలబడ్డ డిఫెండర్లను కేకేసి సర్దడం. ఇరవై ఏళ్ళ పిల్ల పదేళ్ళ అనుభవం ఉన్న డిఫెండర్‌ను "ఎడమకు జరుగు" అని గద్దించాలంటే ఆ మాటకు విలువ రావాలి కదా. అది మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది.

డిఫెండర్ల విషయానికొస్తే హర్మన్‌ప్రీత్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. టోక్యోలో ఆరు, పారిస్‌లో పది. అమిత్ రోహిదాస్ 2013లో ఆసియాకప్ ఆడాక కొన్నేళ్ళు జట్టుకు దూరమై 2017లో తిరిగి వచ్చాడు. వచ్చాక ఏం చేశాడో చాలామంది గమనించరు. పెనాల్టీ కార్నర్ మనకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు గోల్ లైన్ దగ్గర కీపర్ కాకుండా నలుగురు ఉంటారు, ముఖానికి మాస్కులు పెట్టుకుని. అవతలివాళ్ళు బంతిని తోసిన క్షణంలోనే అందులో ఒకడు డ్రాగ్ ఫ్లికర్ మీదకు, అంటే ఆ బంతిని కర్రతో లాగి గోల్‌లోకి విసిరేవాడి మీదకు, తిన్నగా పరుగెత్తుతాడు. అతనే ఫస్ట్ రషర్. బంతి తొడకు తగలవచ్చు, మోకాలికి తగలవచ్చు, అయినా తప్పుకోకుండా కర్ర చాచి ఫ్లికర్‌కు ఒక వైపు మూసేయాలి, రెండో వైపు కీపర్ చూసుకుంటాడు. రోహిదాస్ ఏళ్ళ తరబడి చేసిన పని అది. స్కోరు కార్డులో దానికి గడి లేదు. ఇలాంటివాడిని గోల్స్ లెక్కపెట్టి తీసేయమంటే ఎలా?

ప్రశ్న: వాళ్ళు సరిగ్గా ఆడకపోతే మాకు విమర్శించే హక్కు కూడా లేదా? డబ్బు, టైమ్ పెట్టి చూసేది మేమే కదా. (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

ఉంది. ఆటను విమర్శించండి, ఎంత గట్టిగానైనా. పంతొమ్మిదేళ్ళ పిల్లాడి ఫోటో పెట్టి వాడి ఇంట్లోవాళ్ళను కలిపి తిట్టడం విమర్శ కాదు, నేను అలాంటి ఉత్తరాలు అచ్చు వేయను.

ప్రశ్న: మామూలు ప్రేక్షకులం మాకు ఒక కుర్రాడు ఎదుగుతున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? (విశాఖ నుంచి ఒక పాఠకురాలు)

ఇన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఒక మ్యాచ్ చూసి చెప్పలేం. ఒకే ప్లేయర్‌ను పట్టుకుని నాలుగైదు మ్యాచ్‌లు చూడండి, బంతి అతని దగ్గర లేనప్పుడు కూడా. పాస్ అందుకున్నప్పుడు బంతి కర్రకు అంటుకుని ఆగుతోందా, గజం దూరం ఎగిరిపోతోందా? పోయిన నెల ఎగిరిపోయి ఈ నెల ఆగుతోందంటే పని జరుగుతోందన్నమాట. బంతి పోగొట్టుకున్నాక నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నాడా, వెంటనే వెనక్కి పరుగెడుతున్నాడా? నేను మొదట చూసేది ఇదే. ఎందుకంటే కర్ర మీద పట్టు మెల్లగా రావచ్చు గానీ, పరుగెత్తడానికి ఏ వయసూ అడ్డం కాదు. రెండో ఏడాది కూడా అలా నిలబడే ఉన్నాడంటే అప్పుడు విజయవాడ పాఠకుడి మాటే నా మాట, తర్వాతివాడికి దారి వదలాల్సిందే. డిఫెండరైతే తన ఎడమ వైపు, అంటే కర్రను తిరగేసి ఆడాల్సిన రివర్స్ స్టిక్ వైపు నుంచి దాడి వచ్చినప్పుడు కాళ్ళు ఎలా కదుపుతున్నాడో చూడండి, పెద్ద జట్లు కుర్ర డిఫెండర్‌ను వెతికి వెతికి అటువైపే కొడతాయి.

చూడటానికి హాకీ ఇండియా లీగ్ మంచి చోటు. ప్రతి జట్టులో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలని నిబంధన పెట్టారు. మన హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరిలో ఫైనల్ దాకా వెళ్ళి బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడింది. జూనియర్లు విదేశీ ఆటగాళ్ళ పక్కన రోజూ ప్రాక్టీస్ చేస్తారు, వాళ్ళ మీదే మ్యాచ్ ఆడతారు. సీజన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అదే కుర్రాడిని చూసి తేడా రాసి పంపండి. మంచి ఉత్తరాలు వచ్చే సంచికలో వేస్తాను.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడు. ఈసారి జూనియర్ క్యాంపుకు పేరు రాలేదు. డిఫెండర్. మానేసి చదువు మీద పడమందామా? (ఒక తల్లి, ఊరి పేరు వద్దన్నారు)

చదువు ఎలాగూ మానకూడదమ్మా, ఆడినా సరే. కానీ పదిహేడేళ్ళ డిఫెండర్‌కు ఈ ఒక్క జాబితా చూసి తీర్పు చెప్పకండి. జూనియర్ అంటే 21 లోపు, ఇంకా మూడు నాలుగేళ్ళ టైమ్ ఉంది. పారిస్‌లో కాంస్యం గెలిచిన సుఖ్‌జీత్ సింగ్ సీనియర్ జట్టులో మొదటిసారి ఆడేనాటికి పాతికేళ్ళవాడు, అతనైతే ఫార్వర్డ్ కూడాను. మీ అబ్బాయి కోచ్‌ను కలిసి ఎంపిక ఎందుకు కాలేదని కాకుండా, వచ్చే ఆరు నెలల్లో ఏ ఒక్క పని మెరుగుపడాలో అడగండి. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద వారానికి ఎన్నిసార్లు ఆడగలుగుతున్నాడో కూడా కనుక్కోండి. మట్టి మైదానంలో పెరిగిన పిల్లలకు టర్ఫ్ వేగం అలవాటు కావడానికే చాలా కాలం పడుతుంది, మీవాడి సమస్య బహుశా అదే కావచ్చు.