ఒక్కరే వెళ్ళొద్దు సార్, ముందు రెండో టికెట్ అడగండి

సార్, మీ ప్రశ్న చదువుతుంటే మా ట్రిప్పే కళ్ళ ముందుకొచ్చింది. కడప నుంచి 26 మంది విద్యార్థులతో ఆరు రోజులు సింగపూర్ వెళ్ళాలి, వాళ్ళలో 11 మంది ఆడపిల్లలు, తోడు మీరొక్కరే, కాలేజీలో రాసిపెట్టిన రూల్సేమీ లేవు, యాజమాన్యాన్ని ఏమడగాలి అని రాశారు. నేను అనంతపురంలో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. 22 మందితో అదే ఊరు వెళ్ళొచ్చాను. అందుకే గట్టిగా చెప్తున్నా: రెండో స్టాఫ్ లేకుండా బయల్దేరొద్దు. ఆ రెండో మనిషి ఆడమనిషే అయ్యుండాలి.

మూడో రోజు రాత్రి ఒక పాప రూమ్మేట్ వచ్చి నా తలుపు కొట్టింది. వెళ్ళి చూస్తే పాప కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. 995కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. ఆసుపత్రిలో చూసి అపెండిక్స్, ఆపరేషన్ చేయాలన్నారు. పాపకు 19 ఏళ్ళు. మన దగ్గరైతే మేజర్, తన సంతకం తనే పెట్టుకుంటుంది. సింగపూర్‌లో 21 నిండాలి. అంతకంటే చిన్నవాళ్ళయితే ఆసుపత్రిలో తల్లిదండ్రుల అనుమతి అడుగుతారు. ఈ సంగతి వెళ్ళేముందు మాలో ఒక్కరికీ తెలియదు.

నా బ్యాగులో తండ్రి సంతకం చేసిన కాగితం ఉంది. తీసి చూస్తే అందులో ఏముందనుకున్నారు? 'మా అమ్మాయికి ఏం జరిగినా కాలేజీకి ఎలాంటి బాధ్యతా లేదు' అని ఉంది. అంతే. వైద్యం చేయించడానికి అనుమతి ఇస్తున్నానన్న మాట ఎక్కడా లేదు. ఆ కాగితం డాక్టర్ చేతికిచ్చి ఏం చేయాలి?

వాళ్ళది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, శెనక్కాయ పంట మీద బతికే కుటుంబం. ఆ రాత్రిపూట పక్కింటి అబ్బాయి ఫోన్‌కి వీడియో కాల్ చేశాను. "పాప ఎట్లుందమ్మా? నేనెట్ల వచ్చేది, నాకు ఆ పాస్‌పోర్ట్ బుక్కే లేదే" అన్నాడు పాప తండ్రి. డాక్టర్ ఇంగ్లిష్‌లో చెప్పింది నేను తెలుగులో చెప్పాను, ఆయనన్నది డాక్టర్‌కి చెప్పాను. నోట్‌బుక్ పేజీ చించి అనుమతి రాసి, సంతకం పెట్టి ఫోటో పంపారు. ఆపరేషన్ బాగా జరిగింది. కానీ వాళ్ళ ఊళ్ళో ఆ రాత్రి సిగ్నల్ లేకపోయుంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి మీ అనుమతి పత్రంలో మూడు మాటలు తప్పకుండా రాయించండి: అత్యవసరమైతే వైద్యానికి, ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నామని, మా తరఫున ఫలానా లెక్చరర్లు డాక్టర్లతో మాట్లాడొచ్చని, రాత్రిపూట కూడా ఎత్తే రెండు ఫోన్ నంబర్లు. తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి ఉండాలి. తండ్రి ఏం సంతకం చేస్తున్నాడో ఆయనకు అర్థం కావాలి కదా. ఫస్టియర్‌లో 18 నిండని పిల్లలుంటే తల్లి, తండ్రి ఇద్దరి చేతా సంతకం చేయించండి. ఆస్తమా, ఫిట్స్, అలర్జీ, రోజూ వేసుకునే మాత్రలు ఉంటే రాయించుకోండి. కొందరు తల్లిదండ్రులు దాస్తారు, పెళ్ళి సంబంధాల భయంతో. వాళ్ళతో విడిగా కూర్చుని మాట్లాడాలి, క్లాస్‌రూంలో అందరి ముందు ఫారాలు పంచితే చెప్పరు.

ఇక కాలేజీ సంగతి. ఆసుపత్రి వాళ్ళు డిపాజిట్ అడిగేసరికి అక్కడ రాత్రి రెండు, మనకు పదకొండున్నర. మా కాలేజీలో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. నా క్రెడిట్ కార్డు గీకాను. ఇన్సూరెన్స్ ఉంది, కానీ పాలసీ కాపీ ట్రావెల్ ఏజెంట్ దగ్గరే ఉండిపోయింది. ముందు వాళ్ళ హెల్ప్‌లైన్‌కి చెప్పి ఉంటే కంపెనీయే నేరుగా కట్టేదట. మేం కట్టి తర్వాత బిల్లులు పెట్టుకున్నాం, డబ్బు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. మిగతా 21 మందిని నాతో వచ్చిన మా డిపార్ట్‌మెంట్ సార్ అనుకున్న రోజుకే బెంగళూరు తీసుకొచ్చేశారు. నేను పాపతో ఇంకో ఐదు రోజులు ఉన్నాను. ఆ ఐదు రోజులకు నాకు సెలవు వేశారు. డబ్బు కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. సార్, ఆ రోజు నేనొక్కదాన్నే అయ్యుంటే 21 మందిని విమానం ఎక్కించాలా, ఆసుపత్రిలో కూర్చోవాలా?

అందుకని ఆన్ డ్యూటీ ఆర్డర్ రాతలో తీసుకోండి. ఎవరైనా జబ్బుపడితే ఒక స్టాఫ్ ఆగిపోవాలని, ఆ రోజులు కూడా డ్యూటీయేనని, ఖర్చు కాలేజీదేనని అందులో ఉండాలి. కాలేజీలో ఒకరి ఫోన్ రాత్రంతా ఆన్‌లో ఉండాలి, ఎవరి ఫోనో పేరుతో సహా రాయించండి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే విదేశం వెళ్ళడానికి ముందే ఎన్ఓసీ తీసుకోవాలి. అక్కడి యూనివర్సిటీ మీ బసకో టికెట్‌కో డబ్బు పెడుతుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద కేంద్ర హోం శాఖ అనుమతి కూడా అవసరం పడొచ్చు, ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

యాజమాన్యం ఖర్చు అంటే బియాస్ నది ప్రమాదం సంగతి గుర్తుచేయండి. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే టూర్‌కెళ్ళిన మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. తర్వాత హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వమని, అందులో కాలేజీ వాటా 30 శాతం అని తేల్చింది. 'మాకు బాధ్యత లేదు' అని కాగితం రాయించుకుంటే బాధ్యత పోదు. 2015లో యూజీసీ క్యాంపస్ లోపలా బయటా విద్యార్థుల భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రింట్ తీసి ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టండి. నేను రెండోసారి అలాగే చేశాను, రెండో టికెట్ శాంక్షన్ అయింది.

చిన్న విషయాలు కొన్ని. పాస్‌పోర్టులకు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, ఇప్పుడే చూడండి. అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు ఎస్‌జీ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి. పాస్‌పోర్టులన్నీ ఒకే బ్యాగులో పెట్టుకోవద్దు, ఆ బ్యాగు పోతే 26 మందీ ఆగిపోతారు. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్ళకు అక్కడి భారత హైకమిషన్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, దాంతో ఇండియాకు రావచ్చు, అంతే. ఈ-సిగరెట్లు అక్కడ నిషేధం, మగపిల్లలకు విడిగా కూర్చోబెట్టి చెప్పండి. దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి తీసుకెళ్ళనివ్వొద్దు.

నేను తెలుగులో తయారుచేసుకున్న అనుమతి పత్రం ఉంది. కావాలంటే కింద అడగండి, అలాగే పెడతాను. మీ పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ రాయకండి.