దేవదూతల ప్రీక్వెల్ గీస్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న అక్క ఫోన్ చేసింది. "ఆఫీసు నుంచి రావడం, తెల్లారేదాకా రెక్కలు గీస్తూ కూర్చోవడం. నువ్వైనా చెప్పరా" అంది. ఏం గీస్తున్నావని ఆరా తీస్తే 'రేజ్ ఆఫ్ బహముత్' అట, ఆ జపాన్ యానిమే సిరీస్. 2014లో వచ్చిన జెనెసిస్‌కీ, 2017 నాటి వర్జిన్ సోల్‌కీ మధ్య గడిచిన పదేళ్లలో స్వర్గం ఎలా చితికిపోయిందో చెప్పే కామిక్ అట, అంటే రెండోదానికి ప్రీక్వెల్, ముందుకథ. మొదట గర్వంగా అనిపించింది. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది.

తెలిసినవే ముందు చెప్పేస్తాను. పేజీ సైజు ఇప్పుడే ఖాయం చేసుకో. ఫైళ్లు రెండు చోట్ల దాచుకో. గంటకోసారి లేచి మణికట్టుకు విశ్రాంతివ్వు. అమ్మకానికి మాత్రం పెట్టకు. బొమ్మలు నీవైనా పాత్రలు సైగేమ్స్ కంపెనీ వాళ్లవి. టోక్యోలో 1975 నుంచి అభిమానుల కామిక్కుల సంత జరగడం లేదా అంటావు. అది అక్కడి కంపెనీల ఓర్పు. ఆ ఓర్పు నీమీద కూడా చూపిస్తారని ఎవరూ రాసివ్వలేదు.

ఇక అసలు సంగతి. నేను బొమ్మలకు ఇంకు పెట్టే రోజుల్లో మా పిల్లల పత్రికలో ఒక రాకుమారుడి కథ బాగా ఆడింది. అతని చెంప మీద ఒక గాటు. ఆ గాటు ఎలా పడిందో కథలో ఎక్కడా లేదు. పిల్లలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవారు, పులి గోరు అని ఒకడు, సవతి తల్లి కత్తి అని ఇంకొకడు. కథ అయిపోయాక రచయితకు బుద్ధి పుట్టి, "రాకుమారుడి బాల్యం" అంటూ ముందుకథ మొదలెట్టాడు. మొదటి వారమే గాటు ఎలా పడిందో చెప్పేశాడు. రెండో వారం గుర్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆ తర్వాత కత్తి ఎవరిచ్చారో. ప్రతి ప్రశ్నకూ జవాబు తయారు. ఆ పిల్లాడికి సొంతంగా ఒక్క కోరిక లేదు, ఒక్క భయం లేదు. పెద్దయ్యాక ఏమవుతాడో అందుకు కావలసిన సామాను పోగేసుకోవడమే వాడి పని. ఉత్తరాలు ఆగిపోయాయి. ఎడిటరు సగంలో ఆపేయించాడు. మంచి రచయితే, చేయి తిరిగినవాడే. నువ్వు అక్కకు చూపించిన నోట్సులో స్వర్గాన్ని నడిపే దేవత గురించి "గాబ్రియేల్ ఎందుకంత కఠినంగా మారింది", మనుషుల రాజు గురించి "షారియోస్ ఎందుకలా తయారయ్యాడు" అని వరసగా రాసుకున్నావట. వింటుంటే నాకు ఆ రచయితే కళ్లముందు కదిలాడు. ఆ జాబితా చింపెయ్, తల్లీ.

షారియోస్ గెలుస్తాడని, దేవతల ఆలయాన్ని కొల్లగొడతాడని, రాక్షసుల్ని బానిసల్ని చేస్తాడని చదివేవాళ్లకు ముందే తెలుసు. అదే ప్రీక్వెల్‌కున్న బలం, నువ్వేమో లోపమనుకుంటున్నావు. రాయబారం నాటకంలో సంధి కుదరదని తెలియనివాడు పందిట్లో ఒక్కడైనా ఉంటాడా? అయినా కృష్ణుడి పద్యానికి వన్స్ మోర్ కొడతారు. కాబట్టి ఓడిపోతున్నామని తెలియని ఒక దేవదూతను పట్టుకో. ఏదో చిన్న పనిమీద తిరుగుతూ ఉండాలి.

జెనెసిస్‌లో నాకు నచ్చింది కూడా అలాంటివే. హెల్‌హైమ్ అనే చోటుకు దారి తెలుసని కథానాయకుడు ఫవారో గొప్పలకు పోయి అబద్ధమాడతాడు, అమీరా వాడికి తోక మొలిపిస్తుంది. ఆ తోకతోనే కథంతా నడిచిపోతుంది. సగం దేవత, సగం రాక్షసి అయిన అమీరా తిండి చూస్తే చిన్నపిల్లలా ఎగబడుతుంది. స్వర్గంలోకి వెళ్లేసరికి మాత్రం కథకు ఊపిరాడదు. గాబ్రియేల్ ఆజ్ఞలివ్వడం తప్ప చేసేది తక్కువ. యోధురాలు జాన్ కోసం దేవదూత మిఖాయేల్ ప్రాణం పోగొట్టుకున్నప్పుడు కూడా అతని గురించి మనకు తెలిసింది కొంచెమే. పన్నెండు భాగాల్లో సర్దాలన్న తొందర ఒకటి. ఆ ఖాళీయే నీకు దొరికిన పొలం. దున్నుకో.

రెక్కల సంగతి. 2002 నాటి యానిమే 'హైబానే రెన్‌మెయ్' మళ్లీ చూడు, ముఖ్యంగా మొదటి భాగం. రక్కా అనే పిల్ల వీపు చీల్చుకుని రెక్కలు బయటికొస్తాయి, నెత్తురుతో. జ్వరంతో పడుకున్న ఆ పిల్ల పక్కన కూర్చుని, పెద్దదైన రేకి ఒక్కో ఈకనూ శుభ్రం చేస్తుంది. తలమీది వలయం నిలవకపోతే తీగ కట్టి నిలబెడతారు. వాళ్లెవరో, ఎక్కణ్ణుంచి వచ్చారో చివరిదాకా తేల్చి చెప్పరు. అయినా ఆ రెక్కలు బరువని, నొప్పెడతాయని మనకు తెలుస్తుంది. నువ్వు పంపిన బొమ్మలో ఈకలు అద్భుతం, కానీ అవి భుజానికి ఎక్కడ అతుక్కున్నాయో కనబడలేదు. జుట్టు అడ్డం పెట్టి తప్పించుకున్నావు, దొంగా!

ఒక్క భయం మాత్రం నన్ను వదలదు. మా పత్రికాఫీసు బీరువాలో సగంలో ఆగిన కామిక్కులే ఎక్కువ ఉండేవి, అన్నీ తెలివైనవాళ్లవే. పదేళ్ల కథ గీయకు. ఒక్క వారం తీసుకో, నలభై పేజీల్లో ముగించు.

అక్కతో నేను మాట్లాడాను. పదకొండింటికి లైటు ఆర్పేస్తావని నిన్నడక్కుండానే మాటిచ్చేశాను, తిట్టుకో. మొదటి పేజీలు ఇంకు పెట్టకముందే పెన్సిల్ మీదే పంపు. షారియోస్ మొదటిసారి కనిపించే బొమ్మ మాత్రం పేజీ తిప్పగానే ఎడమవైపు పడేలా చూసుకో.

మావయ్య