పాత డెస్క్‌టాప్‌లో ఆటలకు జీటీఎక్స్ 1060 మేలా, ఆర్ఎక్స్ 580 మేలా?

మీ దగ్గర నాలుగో తరం ఐ5-4570 ప్రాసెసర్, ఒకే 8 జీబీ ర్యామ్ స్టిక్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె), 1080పీ మానిటర్ ఉన్నాయని, 2 జీబీ జీటీఎక్స్ 960 తీసేసి సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు (ఆట బొమ్మలను తయారుచేసే భాగం) పెట్టాలనుకుంటున్నారని రాశారు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో మీకు జీటీఎక్స్ 1060 3 జీబీ, ఆర్ఎక్స్ 580 8 జీబీ, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ చూపించారు. వీటిలో ఆటలకు ఏది మేలని మీ ప్రశ్న. నేను పెరంబూరులో ఉంటాను. మీ దగ్గరున్నలాంటి 960ని, ఆ తరువాత 1060 3 జీబీని, ఇప్పుడు ఆర్ఎక్స్ 580ని దాదాపు మీలాంటి కంప్యూటర్‌లోనే వాడాను. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీని అంబత్తూరులో ఉండే మా బావమరిది కొన్నాడు కనుక దాని సంగతి కూడా దగ్గరగా చూశాను. నా జవాబు 8 జీబీ ఆర్ఎక్స్ 580. దానికి కారణం మీరు చూసిన పోలిక పట్టికల్లోని సగటు ఫ్రేముల (సెకనుకు తెర మీద వచ్చే బొమ్మల) సంఖ్య కాదు, కార్డు మీద ఉన్న మెమరీ.

నేను 1060 3 జీబీని కొన్నప్పుడు ఆ సగటులనే నమ్మాను. 2016లో వచ్చిన రెండు 1060 కార్డులకు మెమరీలో మాత్రమే తేడా అని అప్పట్లో చాలామందిలాగే నేనూ అనుకున్నాను. నిజానికి 6 జీబీ కార్డులో 1280 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు) ఉంటే 3 జీబీ కార్డులో 1152 మాత్రమే ఉన్నాయి. ఆ పదో వంతు తక్కువ నాకెప్పుడూ బాధ కలిగించలేదు. జీటీఏ 5లాంటి 2015 నాటి ఆటలు హాయిగా నడిచాయి. అసలు ఇబ్బంది రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో బయటపడింది. గుర్రం మీద ఊళ్లోకి రాగానే గోడలు, నేల కొన్ని క్షణాలు మసకగా కనిపించి తరువాత స్పష్టమయ్యేవి, సందు మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయేది. అయినా మూలన ఉన్న ఫ్రేముల మీటరు మాత్రం అంతా బాగానే ఉన్నట్టు చూపేది.

మీటరు అలా చూపడానికి కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. పది సెకన్లలో ఐదు ఫ్రేములు మాత్రం 100 మిల్లీసెకన్ల చొప్పున తీసుకుని, మిగిలినవన్నీ సమయానికి వచ్చాయనుకోండి. సగటు 57 దాటే ఉంటుంది. కానీ ఆడేవారి చేతికి ఆ ఐదు కుదుపులే తెలుస్తాయి, మిగతా 570 ఫ్రేములు తెలియవు. అందుకే పాత కార్డులను పోల్చేటప్పుడు సగటు పక్కనే ఇచ్చే "ఒక శాతం కనిష్ఠం" (అతి నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) అనే సంఖ్యను చూడమని నేను అడిగిన ప్రతివారికీ చెబుతాను.

ఆ కుదుపులు ఎందుకు వస్తాయో తెలిస్తే మీ మూడు కార్డుల మధ్య ఎంపిక సులభమవుతుంది. ఆటకు కావలసిన టెక్స్చర్లు (గోడలు, నేలల పైపూత బొమ్మలు) కార్డు మెమరీలో పట్టినంతవరకు వాటిని ఆర్ఎక్స్ 580 సెకనుకు 256 జీబీ వేగంతో, 1060 సెకనుకు 192 జీబీ వేగంతో చదువుకుంటాయి. పట్టనివి కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళతాయి, అక్కడి నుంచి కార్డును గుచ్చే స్లాటు ద్వారా తిరిగి రావాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 స్లాటులో పూర్తి 16 లేన్లు (సమాచారం వెళ్లే దారులు) ఉన్నా సెకనుకు దాదాపు 16 జీబీ మాత్రమే వెళుతుంది. మీది ఒకే డీడీఆర్3-1600 స్టిక్ అయితే ర్యామ్ వేగమే 12.8 జీబీ దగ్గర ఆగిపోతుంది. సంపులో నీళ్లున్నంతసేపు మోటారు వేసుకుని, అవి అయిపోయాక వీధిలోకి లారీ ఎప్పుడు వస్తుందా అని బిందెలు పట్టుకుని నిలబడటం మన చెన్నైలో అందరికీ తెలిసిందే, ఇదీ అలాంటిదే.

ఈ లెక్క ప్రకారం ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మీ కంప్యూటర్‌కు అన్నింటికంటే పనికిరాని ఎంపిక. 2022లో వచ్చింది కనుక దుకాణంలో దాన్ని "కొత్త కార్డు" అని చూపిస్తారు. కానీ దానికి ఉన్నవి నాలుగు లేన్లే, అవి 4.0 స్లాటు కోసం ఉద్దేశించినవి. 3.0 బోర్డులో పెడితే స్లాటు వేగం సుమారు 4 జీబీకి పడిపోతుంది. మీ మదర్‌బోర్డు హెచ్81 చిప్‌సెట్‌ది అయితే, ఆ కాలపు చవక కంప్యూటర్లలో తరచుగా అదే ఉండేది కనుక తప్పకుండా చూసుకోండి, దాని స్లాటు 2.0 మాత్రమే, అప్పుడు ఆ 4 కూడా 2 అవుతుంది. మెమరీ 4 జీబీయే కావడంతో అది త్వరగా నిండుతుంది, నిండాక మిగిలే దారి అంత ఇరుకుగా ఉంటుంది. మా బావమరిది కంప్యూటర్‌లో వాలరంట్ ఎంతో చక్కగా నడిచేది, పెద్ద ఆట ఏది పెట్టినా టెక్స్చర్లను కనిష్ఠ స్థాయికి దించితే తప్ప ఆడనిచ్చేది కాదు. పైగా ఆ కార్డులో వీడియో ఎన్‌కోడర్ లేదు; ఆటను రికార్డు చేయాలంటే ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

జీటీఎక్స్ 1060కి న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. డైరెక్ట్‌ఎక్స్ 11 (ఆటలు కార్డుతో మాట్లాడే విండోస్ వ్యవస్థ) మీద నడిచే పాత ఆటల్లో జీటీఎక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ మీద తక్కువ భారం వేస్తుంది. మీ ఐ5కి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లే ఉన్నాయి కనుక జనం కిక్కిరిసిన దృశ్యాల్లో ఆ తేడా మీకు తెలియవచ్చు. కరెంటు కూడా 1060కి 120 వాట్లు, ఆర్ఎక్స్ 580కి 185 వాట్లు. కాబట్టి 6 జీబీ 1060 మీకు అదే ధరకు దొరికితే దాన్ని తీసుకోవడం తప్పని నేను అనను. మీ ఎస్‌ఎంపీఎస్‌కు కార్డుకు కరెంటిచ్చే 8 పిన్నుల కేబుల్ లేకపోతే దాన్నే తీసుకోమంటాను. మోలెక్స్ (పాత రకం కరెంటు ప్లగ్గు) నుంచి మార్చే అతుకు కేబుల్‌తో ఆర్ఎక్స్ 580ని నడపవద్దు. 3 జీబీ కార్డును మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దని నా మనవి.

ఆర్ఎక్స్ 580 కొనడంలో రెండు మోసాలు పొంచి ఉంటాయి, ఒకదానిలో నేను పడ్డాను. మొదటిది పేరు. 2017లో వచ్చిన అసలు 580లో 2304 షేడర్లు (ఏఎండీ కార్డుల్లోని కోర్లు) ఉంటాయి; "580 2048ఎస్‌పీ" అనే పేరుతో తిరిగే కార్డులో 2048 మాత్రమే, అంటే అది ఆర్ఎక్స్ 570కే మరో పేరు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే షేడర్ల సంఖ్య కనిపిస్తుంది. ఆ కార్డు చెడ్డదేమీ కాదు, 570 ధరకే ఇస్తే తీసుకోవచ్చు.

రెండోది మైనింగ్. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ఆగిపోయాక ఈ కార్డులు కుప్పలుగా సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చాయి. మైనింగ్ చేసేవారు కోర్ వేగం తగ్గించి, మెమరీ టైమింగులు బిగించి కార్డు బయోస్‌ను (కార్డులోనే ఉండే మూల ప్రోగ్రామ్‌ను) మార్చేవారు. నేను కొన్న కార్డు దుకాణంలోని కంప్యూటర్‌లో అరగంట నిక్షేపంగా పనిచేసింది. ఇంటికి తెచ్చి విండోస్ కొత్తగా ఎక్కించిన తరువాత డ్రైవర్ ససేమిరా కార్డును పట్టుకోలేదు, తెర తక్కువ రిజల్యూషన్‌లోనే నిలిచిపోయింది. ఆర్ఎక్స్ కార్డుల కంపెనీ ఏఎండీ డ్రైవర్ బయోస్ సంతకాన్ని సరిచూస్తుందని, మార్చిన బయోస్ ఉంటే పనిచేయదని, దుకాణం కంప్యూటర్‌లో ఆ తనిఖీని దాటించే ప్యాచ్ వేసి ఉంచారని రెండు రాత్రులు వెతికాక తెలిసింది. అదే మోడల్‌కు, అదే తయారీ మెమరీ చిప్పులకు సరిపోయే అసలు బయోస్‌ను తిరిగి రాసిన తరువాత కార్డు బాగుపడింది. మెమరీ చిప్పులు ఏ కంపెనీవో చూడకుండా బయోస్ రాస్తే కార్డు అసలు తెర చూపకపోవచ్చు, ఈ పని తొందరపడి చేయకండి.

వేడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పోలిక పట్టికలు చల్లని గదుల్లో తయారవుతాయి, మనం మే నెలలో చెన్నైలో ఆడుకుంటాం. నా 1060 వేసవి మధ్యాహ్నాల్లో 83 డిగ్రీలకు చేరి, అక్కడి నుంచి తన వేగాన్ని తానే తగ్గించుకునేది. ఏళ్లనాటి థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి చేర్చే లేపనం) ఎండిపోయి ఉంటుంది. దాన్ని మార్చి, క్యాబినెట్‌కు వెనుక ఒక ఫ్యాన్ బిగించాక ఆ బాధ తప్పింది. ఆర్ఎక్స్ 580 ఇంకా ఎక్కువ వేడినిస్తుంది కనుక మీరు కొన్న వారంలోనే ఈ పని చేయించండి. అలాగే ఉన్న ర్యామ్‌కు జోడుగా మరో 8 జీబీ స్టిక్ వేయండి; రెండు స్టిక్కులతో ర్యామ్ వేగం రెట్టింపవుతుంది, ఈ ప్రాసెసర్‌తో కనిష్ఠ ఫ్రేములు మెరుగుపడటాన్ని మీరే గమనిస్తారు.

1060, 580లలో ఏ కార్డు తీసుకున్నా కొన్ని ఆటలు మాత్రం సరిగా అందవు. 2023లో వచ్చిన అలన్ వేక్ 2 మెష్ షేడర్లు (ఆట ఆకారాలను వేగంగా గీసే కొత్త పద్ధతి) ఉన్న కార్డుల కోసం తయారైంది, 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (కాంతి కిరణాలను లెక్కించే సదుపాయం) తప్పనిసరి. ఈ రెండు సదుపాయాలూ 1060లోనూ 580లోనూ లేవు. ఎన్విడియా 2025 అక్టోబరుతో ఈ తరం కార్డులకు ఆటల డ్రైవర్లు ఆపేసి భద్రతా అప్‌డేట్లు మాత్రమే ఇస్తోంది. ఏఎండీ కూడా 2023 నుంచే 580కి అప్‌డేట్లు బాగా తగ్గించింది. ఈ విషయంలో రెండూ ఒక్కటే.

ఈ శనివారం మీరు రిచీ స్ట్రీట్‌కు వెళుతున్నట్లయితే ఒక పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్‌ను, ఏఎండీ డ్రైవర్‌ను వేసుకుని వెళ్లండి. దుకాణదారుడు కార్డు పెట్టి చూపే కంప్యూటర్‌ను నమ్మకుండా, మీ క్యాబినెట్‌ను ఆటోలో వెంట తీసుకెళ్లి, పాత డ్రైవర్ తీసేసి కొత్తది మీ ముందే ఎక్కించమనండి. డ్రైవర్ ఏ ప్యాచ్ లేకుండా పట్టుకుని, షేడర్లు 2304 అని కనిపించాక డబ్బు ఇవ్వండి.