దెయ్యం కనపడే ముందు నిమిషమే నాకు హారర్

"హారర్ సినిమాలంటే పడిచచ్చేవాళ్లకి వాటిలో అసలేం నచ్చుతుంది? అందరూ భయంకరంగా ఉందన్న సినిమాలు నాలుగైదు చూశాను. నాకు ఒక్కసారి కూడా భయం వేయలేదు. లోపం నాలో ఉందా, సినిమాల్లో ఉందా?" అని అడిగారు.

రెండింట్లోనూ లేదు. మీ భయం మీకింకా ఎదురుపడలేదు, అంతే. హారర్ అభిమానులంతా ఒకే రకం అని బయటివాళ్లు అనుకుంటారు కానీ, అభిరుచుల దగ్గరకొస్తే మాలో మాకే పడదు. ఒకరిని నిద్రపోనివ్వని సినిమా ఇంకొకరికి ఆవలింతలు తెప్పిస్తుంది. నేను పదమూడో ఏట నుంచి ఈ సినిమాలు చూస్తున్నాను. పక్కన ఎప్పుడూ మా అక్క ఉండేది. ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే టీవీ ముందు కూర్చున్నాం, ఒకే సినిమాలు చూశాం. అయినా నన్ను వణికించింది ఆమెని కదిలించదు, ఆమె ఊపిరి బిగపట్టి చూసేది నేను చూడలేను. మీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబంతా ఆ తేడాలోనే ఉంది.

ఒక సీన్ చెబుతాను. 1963లో రాబర్ట్ వైజ్ తీసిన 'ది హాంటింగ్' అనే బ్లాక్ అండ్ వైట్ సినిమా. ఒక పాత బంగళా, అందులో దెయ్యం ఉందో లేదో తేల్చుకోవడానికి వచ్చిన కొద్దిమంది మనుషులు. ఒక రాత్రి గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు, పసిపిల్ల ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. ఎలియనోర్ అనే ఆమె చీకట్లో తన స్నేహితురాలి చెయ్యి పట్టుకుంటుంది. ఆ చెయ్యి తన వేళ్లు నలిగిపోయేంత గట్టిగా బిగుసుకుంటుంది. ఇక తట్టుకోలేక అరుస్తుంది, లైటు వెలుగుతుంది. చూస్తే స్నేహితురాలు గదిలో ఆ చివర ఉంది. మరి ఇంతసేపూ తను పట్టుకున్న చెయ్యి ఎవరిది?

ఆ సీన్ నడుస్తున్నంతసేపూ నేను దుప్పటి కింద అక్క చెయ్యి పట్టుకుని ఉన్నాను. లైటు వెలిగిన మరుక్షణం వదిలేశాను. పక్కకి తిరిగి, ఉన్నది అక్కేనా అని చూసుకున్నాను. సినిమా మొత్తంలో దెయ్యం ఒక్కసారి కూడా కనపడదు. ఒక తలుపు మాత్రం అవతల నుంచి ఎవరో నెడుతున్నట్టు లోపలికి ఉబ్బుతుంది, మళ్లీ సర్దుకుంటుంది, చెక్క ఊపిరి తీసుకుంటున్నట్టు. ఆ తర్వాత రెండు వారాలు నేను తలుపు వైపు వీపు పెట్టి పడుకోలేకపోయాను. అక్క మాత్రం సినిమా అవగానే "ఇంతేనా? ఏమీ రాలేదేంటే?" అంది. ఆట పట్టించడానికి కాదు, నిజంగానే అడిగింది. రాబోయేదాని కోసం ఎదురుచూడటం నాకు భయం, ఆమెకి కాలయాపన.

ఆమెకి కావలసింది వెంటపడేవాడు. పరుగు, గొళ్లెం పడని తలుపు, చేతికందే దూరంలో కత్తి. 'ది టెక్సస్ చైన్ సా మాసకర్' చూస్తున్నప్పుడు "కళ్లు మూసుకోకే, ఇప్పుడే వస్తాడు" అని నా చేతులు లాగేసింది. నేను లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాను. చాలా ఏళ్ల తర్వాత ఒంటరిగా, ధైర్యం తెచ్చుకుని, మళ్లీ చూశాను. నాకు గుర్తున్నంత రక్తం ఆ సినిమాలో లేదు. 1974లో వచ్చిన ఆ సినిమాని దర్శకుడు టోబీ హూపర్ పిల్లలు కూడా చూడదగ్గ రేటింగ్ వస్తుందేమోనన్న ఆశతో, రక్తం బాగా తగ్గించి తీశాడు. మిగతాదంతా ఆ మోటారు రంపం రొద, ఆ అరుపులు, ఆ ఉక్కపోత కలిసి నా తలలో తయారుచేసినవి. అంటే కనపడనిదే భయపెడుతుంది అనే నా సిద్ధాంతం, నేను చూడలేనన్న సినిమాలోనే రుజువైంది. ఈ మాట చెప్తే అక్క చాలా సంతోషించింది.

ఇలాంటి సినిమాలు చూసేవాళ్ల గురించి ఒక అపవాదు ఉంది: వాళ్లకి రక్తం చూస్తే సరదా అని. దీన్ని నేను ఒప్పుకోను. మా అక్క వార్తల్లో యాక్సిడెంట్ దృశ్యం వస్తే ఛానెల్ మార్చేస్తుంది, ఇంట్లో ఎవరి వేలు తెగినా ఆమె మొహం పాలిపోతుంది. సినిమాలో మాత్రం ఆమె చూసేది పనితనం. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన 'ది థింగ్' ఆమెకి ప్రాణం. సినిమాల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంకా అరుదైన కాలం. మనిషి ఛాతీ నోరులా తెరుచుకోవడం, తెగిన తల కాళ్లు మొలిపించుకుని పాకడం, అన్నీ రబ్బరుతో, తీగలతో, మోటార్లతో చేతిపనిగా చేశారు. ఆ సీన్లు వచ్చినప్పుడు అక్క ముందుకి వంగి, "ఇక్కడ చూడు, ఇక్కడ అతుకు ఎక్కడుందో కనిపెట్టు" అంటుంది. విడుదలైనప్పుడు జనం దాన్ని తిప్పికొట్టారు, ఆడలేదు. ఇవాళ అభిమానులు దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు. మా జాతికి ఇది అలవాటే. ఆడని సినిమాలని పదేళ్ల తర్వాత వెతికి పట్టుకుని, నలుగురికీ చూపించేది మేమే.

ఇప్పుడు మీ సంగతి. భయం వేయలేదన్నారు కదా, ఒక్కసారైనా ఉలిక్కిపడ్డారా? ఉలిక్కిపడటం వేరు, భయపడటం వేరు. వెనక నుంచి ఎవరైనా బెలూన్ పగలగొడితే ఎంత ధైర్యవంతుడైనా కుర్చీలో ఎగురుతాడు. అది శరీరం చేసే పని, మనసుతో సంబంధం లేదు. జంప్ స్కేర్, అంటే ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే ట్రిక్కు, వాడుకునేది దాన్నే. జంప్ స్కేర్ అంటేనే చీదరించుకునే అభిమానులున్నారు, నేను వాళ్లలో లేను. 1942 నాటి 'క్యాట్ పీపుల్'లో ఒకమ్మాయి రాత్రి ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకో జత అడుగుల చప్పుడు. అది సడెన్‌గా ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఏదో మీదకి దూకబోతోందని మనం బిగుసుకున్న క్షణంలో బుస్సుమని ఒక శబ్దం, పులి గుర్రుమన్నట్టు. చూస్తే అది వచ్చి ఆగిన సిటీ బస్సు. నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఇలాంటి ఉలికిపాటుని ఇప్పటికీ 'లూటన్ బస్' అంటారు. అంతసేపు నడిపించి, మన ఊపిరిని తన అదుపులోకి తీసుకుని, అప్పుడు చేశాడు కాబట్టి అది హక్కుగా సంపాదించుకున్న ఉలికిపాటు. ఏ సంబంధమూ లేకుండా అల్మారాలోంచి పిల్లిని దూకించి, స్పీకర్లు పగిలేలా డ్రమ్ము కొట్టేవాళ్లంటే మాత్రం నాకు కోపం. అది మోసం. మీరు చూసిన నాలుగైదూ ఆ బాపతు అయితే మీకు భయం వేయకపోవడంలో వింత లేదు.

ఇంకో మాట అడగాలి. వాటిని ఎలా చూశారు? లైట్లన్నీ వేసుకుని, ఫోన్ స్పీకర్‌లో, మధ్యలో మెసేజ్‌లు చూసుకుంటూనా? అలాగైతే మీరు సినిమాలో సగమే చూశారు. శబ్దం ఎంత పని చేస్తుందో నాకు అనుకోకుండా తెలిసింది. ఒకసారి 'సైకో' చూస్తుంటే సరిగ్గా స్నానాల గది సీన్ దగ్గర స్పీకర్ పని మానేసింది. ముప్పావు నిమిషం పాటు షవరు, కర్టెన్, కత్తి, నోరు తెరిచిన మొహం, అన్నీ గబగబా మారిపోతూ కనిపించాయి. నాకు ఏమీ అనిపించలేదు. ఎడిటింగ్ బాగుందే అనుకున్నాను. వైరు సరిచేసి వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. ఆ వయొలిన్లు కీచుమనగానే నా భుజాలు చెవుల దాకా లేచాయి. ఇప్పుడే చూసిన సీన్, ఏం జరుగుతుందో తెలిసిన సీన్. దర్శకుడు హిచ్‌కాక్ మొదట ఆ సీన్‌కి సంగీతమే వద్దనుకున్నాడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తన పాటికి తాను రాసి వినిపిస్తే మనసు మార్చుకున్నాడు.

దీనికి శాస్త్రం కూడా ఉంది. డేనియల్ బ్లూమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త ఉడుత జాతికి చెందిన మార్మోట్‌లు ప్రమాదంలో ఎలా అరుస్తాయో చదివినవాడు. ఆయన బృందం 102 సినిమాల సౌండ్‌ట్రాక్‌లు విశ్లేషించి 2010లో ఒక పరిశోధన ప్రచురించింది. ప్రాణభయంతో అరిచే జంతువు గొంతు అదుపు తప్పి చీలిపోతుంది కదా, అలాంటి చీలిన, గరగరలాడే ధ్వనులే హారర్ సినిమాల్లోనూ వాడుతున్నారని తేలింది. అందుకే శబ్దం సరిగ్గా వినకుండా చూసి "భయం వేయలేదు" అంటే, ఇంకోసారి చూడండి అంటాను.

భయం ఎక్కువైతే సినిమా గొప్పది అనే లెక్క కూడా నాకు పడదు. డెన్మార్క్‌లో ఆర్హస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరదాకి భయపెట్టడానికే నడిపే ఒక హాంటెడ్ హౌస్‌కి వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు పెట్టి చూశారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. భయం మరీ తక్కువైనా మజా లేదు, మరీ ఎక్కువైనా లేదు, మధ్యలో ఎక్కడో ఉంది. ఆ మధ్య అనేది మనిషి మనిషికీ మారుతుంది. నాలాగా తలుపు ఉబ్బితే చాలనుకునేవాళ్లు ఉన్నారు, అక్కలాగా రంపం కావాలనేవాళ్లూ ఉన్నారు.

ఒకే మనిషికి కూడా అది ఎప్పుడూ ఒకేలా ఉండదని నాకు మా నాన్న పోయాక తెలిసింది.

ఆయన పోయిన రెండు నెలలకి, కాస్త మనసు మళ్లుతుందని, అక్కా నేనూ ఎప్పట్లాగే కూర్చుని 2014లో జెన్నిఫర్ కెంట్ తీసిన 'ది బాబడూక్' పెట్టుకున్నాం. పురుడు పోసుకోవడానికి ఆసుపత్రికి వెళ్లే దారిలోనే భర్తని పోగొట్టుకున్న ఒక ఆవిడ, ఆమె కొడుకు, నల్లటి బొమ్మలున్న ఒక పుస్తకం, అందులోంచి వచ్చే బాబడూక్ అనే భూతం. భర్త సామాన్లన్నీ ఆమె ఇంటి కింద గదిలో దాచుకుంటుంది. ఆయన బట్టలు కనిపించగానే అక్క సినిమా ఆపేసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మా ఇంట్లో నాన్న చొక్కాలు ఇంకా బీరువాలో హ్యాంగర్లకి అలాగే ఉన్నాయి, ఆ బీరువా మేమిద్దరం తెరవడం లేదు. మామూలుగా రక్తపాతం చూస్తూ కూడా కదలని అక్క, ఒక కోటు చూసి లేచి వెళ్లిపోయింది. తర్వాత నెలల తరబడి నేను రాక్షసులు, గ్రహాంతర జీవులు ఉన్న సినిమాలు ఎన్నయినా చూడగలిగాను. ఒక ఇల్లు, ఒక చావు ఉన్నవి మాత్రం ముట్టుకోలేదు.

దాదాపు రెండేళ్ల తర్వాత మిగతా సగం చూశాం. ముగింపు చెబుతున్నాను, వద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి. ఆ భూతం చావదు. ఆమె దాన్ని కింద గదిలోనే ఉంచి, రోజూ ఒక గిన్నెలో వానపాములు తీసుకెళ్లి తిండి పెడుతుంది. ఒక్కోసారి అది మీదకి వస్తుంది, ఆమె ఊరుకోబెడుతుంది, మళ్లీ మెట్లెక్కి కొడుకు దగ్గరికి వస్తుంది. అక్క నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ వారమే బీరువా తెరిచాం.

ఇలాంటి సినిమాలని "ఇది మామూలు హారర్ కాదండీ, దుఃఖం గురించి తీసిన గొప్ప సినిమా" అని మెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. మామూలు హారర్ ఏం తక్కువ చేసింది? 1968లోనే జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో, రాత్రంతా శవాలతో పోరాడి బతికిన నల్లజాతి హీరోని, తెల్లారాక కాపాడటానికి వచ్చిన మనుషులే కాల్చేసినట్టు చూపించాడు. జాంబీ సినిమా అని తీసిపారేసేవాళ్లు ఆ చివరి ఐదు నిమిషాలు ఒకసారి చూడాలి.

కోవిడ్ మొదటి నెలల్లో హారర్ అభిమానులు మిగతావాళ్లకంటే కాస్త నిబ్బరంగా ఉన్నారని 2021లో కోల్టన్ స్క్రివ్నర్ బృందం ఒక పరిశోధనలో రాసింది. దాన్ని చూపించి ఎవరికీ మందులా ఈ సినిమాలు పెట్టకండి. నిబ్బరం ఉన్నవాళ్లే వీటి దగ్గరికి వస్తున్నారేమో కూడా. పచ్చిగా ఉన్న గాయం మీద నేను బాబడూక్ పెట్టుకున్నాను, సగంలో ఆపేయాల్సి వచ్చింది.

కాబట్టి "అన్నిటికంటే భయంకరమైన సినిమా ఏది?" అని వెతక్కండి. పదేళ్ల వయసులో మీరు రాత్రి దేనికి భయపడేవారో గుర్తు తెచ్చుకోండి. ఇరుకు చోటంటే ఊపిరాడదా? 'ది డిసెంట్' చూడండి, 2005 సినిమా, గుహలోకి దిగిన ఆడవాళ్ల కథ. అందులో జీవులు కనపడకముందే, రాళ్ల మధ్య ఒకామె ఇరుక్కున్న చోట మీ అరచేతులు తడుస్తాయి. మీరు చెప్పేది ఎవరూ నమ్మరన్నది మీ భయమైతే 1968 నాటి 'రోజ్‌మేరీస్ బేబీ'. ఎక్కడ తేడా ఉందో చెప్పలేని తేడా మిమ్మల్ని పీడిస్తుంటే జపాన్ 'రింగు', 1998. అందులో సడాకో అనే దెయ్యం నడకని నటి వెనక్కి నడుస్తుంటే తీసి, ఫిల్మును తిరగేసి చూపించారు. ఆ సంగతి తెలియకముందు నేను ఆ సీన్ ఆరేడుసార్లు వెనక్కి తిప్పి చూశాను, ఆ పాదాల్లో ఏం తప్పుందో పట్టుకోలేకపోయాను. తెలిశాక కూడా ఒంటరిగా చూడటం నావల్ల కాదు.

మీరు చూసిన ఆ నాలుగైదు సినిమాల పేర్లు, మీ చిన్నప్పటి భయం ఏంటో కింద రాయండి. అక్కని కూడా కూర్చోబెడతాను. తనది ఒకటి, నాది ఒకటి, రెండు పేర్లు చెబుతాం.