కింద గోడలు తీసేముందు పైఅంతస్తు చూడు

అమ్మలూ,

మీ నాన్న పంపిన ప్లాను చూశాను. సొంత ఇల్లు కట్టుకుంటున్నారంటే ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను. నీకూ అల్లుడుగారికీ నా ఆశీస్సులు. లోపలి కొలత 20 అడుగులు, 30 అడుగులు. ఆ జాగాలో హాలు, భోజనాల గది, వంటగది విడివిడిగా కడితే మూడూ ఇరుకైపోతాయి. గోడలు తీసేసి మూడింటినీ ఒకటే చేద్దామన్న మీ ఆలోచన మంచిదే. కానీ కాగితం మీద గోడ గీత చెరిపేసినంత తేలిగ్గా ఇంట్లో గోడ పోదమ్మా. అది పైబరువు మోస్తుంది, పొగను ఆపుతుంది, చప్పుడును ఆపుతుంది, స్విచ్చులకూ అలమర్లకూ చోటిస్తుంది. గోడ వద్దనుకుంటే ఆ పనులన్నీ ఇంకెవరో చెయ్యాలి. ఎవరు చేస్తారన్నది శ్లాబుకు సెంట్రింగు కట్టకముందే తేలాలి. మీ ప్లానులో అది ఇంకా తేలలేదు. దిగులంతా అక్కడే.

ఇలాంటి ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కింది అంతస్తును ముందు ముచ్చటగా గీసుకుంటారు. పైన పడకగదులు ఎక్కడ కుదిరితే అక్కడ తర్వాత సర్దుతారు. మీరూ అదే చేశారు. పైన మూడు పడకగదుల మధ్య గోడలు, కింద ఖాళీగా ఉన్న హాలుకు సరిగ్గా నెత్తిమీద వచ్చాయి. నాలుగున్నర అంగుళాల ఇటుకగోడ, రెండువైపులా పూతతో కలిపి, మామూలు ఎత్తుకు అడుగు పొడవుకు 200 కిలోలు దాటుతుంది. ఇంటి వెడల్పంతా 20 అడుగులు సాగితే 4 టన్నుల పైమాటే. అంత బరువు శ్లాబు మీద వదలకూడదు. గోడ కింద బీము ఉండాలి, ఆ బీము ఆనడానికి రెండు చివర్లా పిల్లర్లు ఉండాలి.

కాంక్రీటు బీము లోతుకు ఒక మోటు లెక్క ఉంది: రెండు పిల్లర్ల మధ్య దూరంలో పన్నెండో వంతు. మధ్యలో పిల్లరు లేకుండా 20 అడుగులు దాటించాలంటే శ్లాబు మందంతో కలిపి 20 అంగుళాల బీము కావాలి. 5 అంగుళాల శ్లాబు పోగా 15 అంగుళాలు కిందికి వేలాడుతుంది. అంతస్తు ఎత్తు 10 అడుగులు పెట్టుకున్నారు కనుక ఆ బీము అడుగు మీ తలల మీద 8 అడుగుల చిల్లర ఎత్తులో అడ్డంగా కనిపిస్తుంది. అదే, వంటగది గట్టు చివర ఒక పిల్లరు రానిచ్చి దూరాన్ని 12, 8 అడుగులుగా విడగొడితే, బీము 12 అంగుళాలతో సరిపోవచ్చు. ఇది అంచనాకు మాత్రమే. అసలు కొలతా, అందులో పడే ఇనుమూ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కగట్టి ఇవ్వాలి. మేస్త్రీ అనుభవం ఎంతున్నా ఈ ఒక్క విషయంలో ఆయన మాట మీద వెళ్లొద్దు. ప్లానులో మీరు "పిల్లరు వద్దు" అని ఎర్రసిరాతో రాసుకున్నారు చూడు, దాన్ని కొట్టెయ్. 1914లో లె కార్బూజియే అనే ఆర్కిటెక్టు గీసిన డొమ్-ఇనో అనే ఇంటి నమూనాలో లోపల గోడ ఒక్కటీ లేదు. కానీ స్తంభాలు, శ్లాబులు, మెట్లు ఉన్నాయి. గోడల నుంచి స్వేచ్ఛ కావాలంటే ఆ మోత స్తంభాలకు అప్పజెప్పాల్సిందే.

బరువు ఒక్కటే అయితే ఇంతగా పోరను. పైన నిండా గోడలు, కింద అంతా ఖాళీ అయితే, పైఅంతస్తు పెట్టెలా బిగుసుకుని ఉంటుంది, కింది అంతస్తు మెత్తబడుతుంది. భూమి కంపిస్తే ఊగు అంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. 1994లో అమెరికాలోని నార్త్‌రిడ్జ్ భూకంపంలో కింద కారు షెడ్లున్న మూడంతస్తుల భవనం కుంగి 16 మంది పోయారు. 2001 భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కూడా, కింద ఖాళీ వదిలి కట్టిన భవనాలు చాలా కూలాయి. మీది రెండంతస్తుల చిన్న ఇల్లే, భయపెట్టాలని చెప్పడం లేదు. కానీ ముందువైపు 20 అడుగులూ అద్దమే అని గీశారు. వెనక నిండుగోడ ఉండి ముందు ఏమీ లేకపోతే ఊగినప్పుడు ఇల్లు మెలిపడుతుంది. ముందు రెండు మూలల్లోనూ కొంత గోడ నిలుపుకోండి, మధ్యలో అద్దం పెట్టుకోండి. మెట్ల పక్క గోడ, టాయిలెట్ గోడలు పనికొచ్చేలా వాడుకోమని ఇంజనీరును అడగండి. పైన గదుల మధ్య గోడలు తేలికపాటి ఏఏసీ (లోపల గాలి బుడగలుండే కాంక్రీటు) దిమ్మెలతో కడితే బరువు బాగా తగ్గుతుంది. "పై గోడలు ఉన్నాయి, కింద లేవు, దానికి పిల్లర్లు లెక్కగట్టారా" అని నువ్వే నోరు తెరిచి అడగాలి. మొహమాటపడితే నాకు కోపం వస్తుంది.

ఇక పైన రెండో బాత్రూము. అది సరిగ్గా మీ భోజనాల బల్ల మీదికి వచ్చింది. దాని 110 మి.మీ. మురుగు గొట్టం ఎటు దిగుతుంది? అడుగుకు పావు అంగుళం వాలు చొప్పున 12 అడుగులు పక్కకు లాగితే వాలుకే 3 అంగుళాలు పోతుంది. గొట్టం, మలుపులు, బిగింపులు కలుపుకుంటే ఫాల్స్ సీలింగు 10, 12 అంగుళాలు దిగుతుంది. పైగా ఎవరు ఫ్లష్ నొక్కినా కింద భోంచేసేవాళ్లకు వినిపిస్తుంది. లీకయితే సీలింగు విప్పితే తప్ప కనిపించదు. ఆ బాత్రూమును కింది టాయిలెట్ మీదికో, వంటగది బయటిగోడ పక్కకో జరపండి. గొట్టం నిలువుగా దిగిపోవాలి, శుభ్రం చెయ్యడానికి చిన్న తలుపు చేతికందాలి. గొట్టం ఇంటి లోపలినుంచే రావాల్సి వస్తే చప్పుడు ఆపే పట్టీ చుట్టి పెట్టె కట్టించండి. అందుకే చెబుతున్నాను, ముందు పైఅంతస్తు తేల్చుకుని, ఆ గోడలూ గొట్టాలూ ఎక్కడ దిగుతాయో చూసుకుని, మిగిలిన జాగాలో కింది హాలు గీయండి.

మెట్లు హాలు మధ్యలోంచి తెరిచి పెట్టారు. చూపుకు అందంగానే ఉంటుంది. కానీ పొయ్యి, సోఫా, మెట్లు ఒకే గదిలో ఉంటే నిప్పంటుకున్నప్పుడు పొగ నేరుగా పడకగదుల్లోకి ఎక్కుతుంది. దిగే దారీ అదే. చిన్నప్పుడు ఆయాసంతో రాత్రంతా కూర్చుని ఉండేదానివి, అది తలుచుకుంటే ఈ ఒక్కటీ వదలలేకపోతున్నాను. మెట్లను పక్కగోడకు జరిపి, గోడ కట్టి, కింద దానంతటదే మూసుకునే తలుపు పెట్టించు. ఏసీ చల్లదనం కూడా మెట్లదారిలో పోకుండా నిలుస్తుంది. వంటగదిలో వేడికి మోగే అలారం, మెట్ల దగ్గరా పై వసారాలోనూ పొగకు మోగేవి, ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపి పెట్టించు. పొగ అలారం పొయ్యికి 10 అడుగులైనా దూరంగా ఉండాలి, లేకపోతే వంట చేసినప్పుడల్లా మోగి, విసిగి మీరే పీకేస్తారు.

మెట్ల లెక్క కూడా సరిచూడు. 10 అడుగుల ఎత్తును 17 మెట్లుగా చేస్తే ఒక్కోటి 7 అంగుళాల చిల్లర వస్తుంది. కాలుపెట్టే పలక 10 అంగుళాలు. రెండు ఎత్తులూ ఒక పలకా కలిపితే 24, 25 అంగుళాలు వస్తే ఎక్కడానికి హాయిగా ఉంటుంది. తిన్నగా వేస్తే 13 అడుగుల 4 అంగుళాల పొడవు, పైనా కిందా నిలబడే చోటు వేరే. మధ్యలో మలుపు తిప్పితే 6 నుంచి 6న్నర అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవులో ఇమిడిపోతుంది. తల పైన ఎక్కడా 6 అడుగుల 8 అంగుళాలకు తగ్గకూడదు. మీ టాయిలెట్ మెట్ల కింద పెట్టారు కదా, నిలబడే చోట ఆ ఎత్తు వస్తుందో లేదో కొలవండి. దాని తలుపు భోజనాల బల్లకు ఎదురుగా తెరుచుకోకూడదు.

నడక దారి. వీధి తలుపు నుంచి మెట్లకూ, వంటగదికీ, పెరటి తలుపుకూ మూడు గీతలు గీసి చూడు. మీ ప్లానులో మూడూ సోఫాకూ టీవీకీ మధ్యలోంచే పోతున్నాయి. సోఫా గుంపును ఒక పక్కకు నెట్టి, రెండో పక్క 3 అడుగుల దారి వదిలితే సమస్య ఉండదు. సోఫాకూ ముందు బల్లకూ మధ్య అడుగున్నర చాలు. భోజనాల బల్ల అంచు నుంచి గోడకు 3 అడుగులు, కుర్చీ వెనక మనుషులు నడవాలంటే 4 అడుగులు. నలుగురికి 4 అడుగులు × 2న్నర బల్ల సరిపోతుంది.

వంటగదిలో విడిగా దీవిలా గట్టు వద్దు. దాని చుట్టూ 4 అడుగుల చొప్పున వదలాలి, అంత జాగా మీకు లేదు. గోడకు ఆనుకుని 'ఎల్' ఆకారంలో గట్టు, దాని చివరే ఇందాకటి పిల్లరు, హాలువైపు 42 అంగుళాల ఎత్తు పొట్టిగోడ పెట్టుకుంటే సింకులో గిన్నెలు సోఫాలోంచి కనపడవు. పిల్లరు పొట్టిగోడలో కలిసిపోతుంది. పొయ్యి బయటిగోడకే ఉండాలి. చిమ్నీ గొట్టం 6 అంగుళాలది, చివరిదాకా సన్నబడకుండా, రెండు మలుపులకు మించకుండా నేరుగా బయటికి పోవాలి. గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదిలే రకం వద్దు. అది ఆవిరిని తీయదు, జిడ్డు మెల్లగా పరదాలకూ సోఫాకూ పడుతుంది. లోపలికి గాలి రాకపోతే చిమ్నీ లాగలేదు, కిటికీ ఒకటి కాస్త తెరవాలి.

వెలుతురు కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్లు దూరం లోపలికి వస్తుంది. 7 అడుగుల ఎత్తయితే 14 నుంచి 17న్నర అడుగులు. మీది 30 అడుగుల లోతు కాబట్టి ముందూ వెనకా రెండువైపులా పెద్ద కిటికీలు తప్పవు. గాలి కూడా అప్పుడే ఆడుతుంది.

చప్పుడు సంగతి. పక్కగదిలో రేడియో మోగితే పుస్తకం మూసేసేదానివి. ఇప్పుడు ఇంటినుంచే పని అంటున్నావు. మిక్సీ, టీవీ, ఫోను అన్నీ ఒకే గదిలో మోగుతాయి, పలకల నేల, అద్దాల గోడ ఉంటే ప్రతిధ్వని కూడా తోడవుతుంది. మందపాటి పరదాలు, తివాచీ, పుస్తకాల అలమర కొంత మింగుతాయి. అంతకంటే మంచిది, ముందుమూల 8 అడుగులు × 9 అడుగులు విడదీసి 5 అడుగుల జారుడు తలుపు పెట్టడం. తెరిస్తే హాలులో భాగం, మూస్తే నీ గది. వయసు మీదపడ్డవాళ్లు ఎవరైనా వచ్చి ఉంటే మెట్లెక్కే పని లేకుండా కిందే పడుకోవచ్చు. వాషింగ్ మెషిన్ మాత్రం హాలులో పెట్టొద్దు.

కరెంటు పాయింట్లు నేల పరచకముందే. సోఫా గోడకు దూరంగా ఉంటే దాని కింద నేలలో ప్లగ్గు కావాలి, దానికి గొట్టం ముందే వెయ్యాలి. మూడు చోట్లకూ దీపాల స్విచ్చులు వేరువేరుగా, మెట్లకు పైనా కిందా రెండు స్విచ్చులు. బల్ల మీద వేలాడే దీపం బల్లకు 30 అంగుళాల పైన. నేల అంతా ఒకే రకం, ఒకే మట్టం. వంటగదిలో వేరే రకం పలకలు కావాలంటే వాటి మందం ముందే మేస్త్రీకి చెప్పండి, లేకపోతే హాలు మధ్యలో కాలికి తగిలే అంచు మిగులుతుంది.

ఒక్కపని ఈ వారంలోనే చెయ్యి. స్థలంలో మేకులు కొట్టి తాళ్లు కట్టి, కింది అంతస్తును అసలు కొలతల్లో గియ్యి. సోఫా, బల్ల, మెట్లు, పిల్లరు అన్నీ సుద్దతో గుర్తుపెట్టి, చేతిలో బుట్టతో వీధి తలుపు నుంచి వంటగదికి ఇద్దరూ ఒకేసారి నడవండి. ఎక్కడ ఒకరికొకరు అడ్డం వస్తారో అక్కడే ప్లాను మార్చండి. ఇంజనీరు బీముల డ్రాయింగు ఇచ్చాక, పనివాళ్ల చేతికి ఇవ్వకముందు ఒక ప్రతి నాకు పంపు. పై బాత్రూము ఎటు జరిపారో దాని మీద పెన్సిలుతో గుర్తుపెట్టి పంపు.

మీ పెదనాన్న