ఫస్ట్ ఫేజ్‌లో సీటు రాలేదు, గుంటూరు-విజయవాడ దగ్గర మంచి ఇంజనీరింగ్ కాలేజీ ఎలా వెతుక్కోవాలి?

ప్రైవేట్ యూనివర్సిటీ సొంత ఎగ్జామ్‌లో రాలేదు, ఈఏపీసెట్ (ఆంధ్రలో ఇంజనీరింగ్ ఎంట్రెన్స్) కౌన్సెలింగ్ ఫస్ట్ ఫేజ్‌లోనూ రాలేదు అన్నారు కదా, కంగారు పడకండి. చాలామంది కౌన్సెలింగ్‌లో ఓ పది ఆప్షన్లు (కావాల్సిన కాలేజీ, బ్రాంచి) పెట్టేసి ఊరుకుంటారు, దెబ్బతినేది అక్కడే. ఎన్ని పెట్టినా నష్టమేం లేదు, మీ ర్యాంకుకి అందేవాటిలో లిస్టులో పైనున్నదే ఇస్తారు, కాబట్టి నచ్చిన ఆర్డర్‌లో వంద పెట్టినా పర్లేదు, కాకపోతే సెకండ్ ఫేజ్‌కి పాతవి పనికిరావు, మళ్ళీ కొత్తగా పెట్టాలి. పోయినేడాది లాస్ట్ ర్యాంకులు మీ కేటగిరీలోనే చూడండి, పక్కింటోళ్ళ అబ్బాయికి వచ్చింది అనే లెక్కలొద్దు.

ఇంకోటి, ప్రైవేట్ యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోనే, అంటే ఈఏపీసెట్ ర్యాంకుతోనే ఇస్తారు, కాబట్టి విఐటి-ఏపీ, ఎస్‌ఆర్‌ఎం-ఏపీ లాంటివి కూడా ఆప్షన్లలో పెట్టుకోవచ్చు, ఇది చాలామందికి తెలీదు.

చౌడవరం ఆర్‌వీఆర్ అండ్ జేసీ, కానూరు పీవీపీ సిద్ధార్థ, మైలవరం లకిరెడ్డి బాలిరెడ్డి, మూడూ పెట్టండి. సీఎస్‌ఈనే (కంప్యూటర్ సైన్స్) కావాలని ఊరూ పేరూ లేని కాలేజీకి పోయే బదులు వీటిలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మేలని నా అభిప్రాయం. ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు బ్రాంచిని బట్టి ఉంటుంది, కాలేజీ మొత్తానికి కాదు, అది చూసుకోండి. మేనేజ్‌మెంట్ కోటాకి మాత్రం సెకండ్ ఫేజ్ అయ్యేదాకా అడ్వాన్స్ కట్టకండి.