పాత ఎంబ్రాయిడరీ దారాలు పనికొస్తాయా?

ప్రశ్న: మా అత్తగారు దాచుకున్న ఎంబ్రాయిడరీ దారాల డబ్బా ఈ మధ్య నా చేతికి వచ్చింది. అందులో నూలు దారాలు, పట్టు దారాలు, మిషన్‌కు వాడే రేయాన్ రీళ్లు, కొంత జరీ ఉన్నాయి. కొన్ని ఇరవై ఏళ్ల కిందటివి. వీటితో పిల్లల బట్టల మీద కుట్టవచ్చునా? ఇకమీదట ఎలా భద్రపరచాలి?

జవాబు: ఎంబ్రాయిడరీ దారానికి మందులకున్నట్టు గడువు తేదీ ఉండదు. వెలుతురు, తేమ తగలకుండా ఉన్న మంచి నూలు దారం దశాబ్దాల తరువాత కూడా కుట్టుకు నిలుస్తుంది. ఎండ పడే కిటికీ పక్కన ఉంచిన కొత్త దారం మాత్రం ముందు రంగు వెలిసి, ఆ తరువాత పీచు బలం కోల్పోతుంది. కనుక దారం వయసు కంటె ఆ డబ్బా ఇన్నేళ్లూ ఎక్కడ ఉండేదో ముందు కనుక్కోండి.

ఆ తరువాత ప్రతి రంగునూ విడిగా పరీక్షించండి. ముప్పై సెంటీమీటర్ల ముక్క తీసుకుని, రెండు కొసలూ పట్టుకుని, ఒక్కసారి గట్టిగా లాగండి. బాగున్న దారం కొంత ఎదురు నిలిచి తెగుతుంది. పాడైనది బలం పెట్టకముందే పుటుక్కున తెగిపోతుంది. రీలు పైపొరలకే వెలుతురు, దుమ్ము ఎక్కువగా తగులుతాయి కాబట్టి, పై చుట్లు తెగినంత మాత్రాన రీలంతా పారవేయకుండా, కొన్ని మీటర్లు విప్పి లోపలి దారాన్ని మళ్లీ లాగి చూడాలి. నలుపు విషయంలో మరింత కఠినంగా ఉండండి. గంధకపు రంగులతో అద్దిన నల్ల నూలులో వేడికి, తేమకు ఆమ్లం పుట్టి పీచును లోలోపలే తినివేస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పరీక్షకు ఒక ముక్క పోతే పోనివ్వండి, ఎన్నో గంటలు కూర్చుని కుట్టిన పువ్వు మొదటి ఉతుకులోనే విడిపోతే కలిగే బాధ చాలా పెద్దది.

మీరు కుట్టదలచినది పిల్లల బట్టల మీద కనుక రంగు దిగుతుందేమో కూడా చూడాలి. తడిపిన తెల్లగుడ్డ మధ్య దారాన్ని ఉంచి కొంతసేపు అదిమితే చాలు. రేయాన్ తడిసినప్పుడు బలంలో చాలా భాగం కోల్పోతుంది, అందువల్ల తరచు ఉతికే బట్టలకు నేను దానిని సూచించను. అక్కడ పాలిస్టర్ గాని, గట్టి నూలు గాని మేలు. పట్టును, రేయాన్‌ను అపురూపంగా కట్టుకునే వస్త్రాలకు ఉంచుకోండి.

భద్రపరచడానికి వెలుతురు చొరని, మూత బిగుతుగా ఉండే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ డబ్బా మంచిది. మెత్తగా, ఘాటైన వాసన వేసే పీవీసీ సంచులు వద్దు. మామూలు అట్టలోను, పచ్చి చెక్క సొరుగులోను ఉండే ఆమ్లాలు ఏళ్లు గడిచేకొద్దీ దారాన్ని పసుపు పట్టిస్తాయి గనుక, దారం చుట్టే అట్ట ఆమ్లరహితమైనదై ఉండాలి. డబ్బాను స్నానాలగది గోడకు, వంటింటి ఆవిరికి, పైకప్పు కింద అటకకు దూరంగా పెట్టండి. తేమ ఎక్కువగా ఉండే రోజుల్లో సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటే బూజు తొలిదశలోనే కంటబడుతుంది. పట్టును తినే పురుగుల కోసం కలరా ఉండలు వేసేవారు వాటిని దారానికి తగలనివ్వకూడదు. నా మట్టుకు దుమ్ము దులిపి, మూత బిగించి ఉంచడమే నయం.

జరీ సంగతి వేరు. వెండి కలిసిన జరీని గాలిలోని గంధకం నల్లబరుస్తుంది, రబ్బరు బ్యాండులోనూ ఆ గంధకం ఉంటుంది. అందువల్ల రబ్బరు బ్యాండు వేయకుండా, ఆమ్లరహిత కాగితంలో చుట్టి, విడి కవరులో ఉంచండి. మెరిసే ప్లాస్టిక్ పొర చుట్టిన కొత్త రకం జరీని చిన్న అట్టకు బిగించి చుడితే మడతల దగ్గర పొర చిట్లుతుంది. రీలు మీదే వదులుగా ఉంచాలి.

దారం మీది చీటీని మాత్రం పారవేయకండి. రంగు సంఖ్యతో పాటు అద్దకపు సంఖ్య (ఏ విడతలో అద్దారో తెలిపేది) కూడా ఉంటే, సగం కుట్టిన పనికి అదే ఛాయ వెతుక్కోవడం తేలిక. ఒకే రంగు సంఖ్య ఉన్నా, వేరు వేరు అద్దకాల మధ్య కొద్దిపాటి తేడా ఉంటుంది.

పరీక్షలో ఓడిన దారంలో బూజు పట్టినదాన్ని వెంటనే పారవేయండి, లేకుంటే అది పక్కవాటికీ అంటుకుంటుంది. బూజు లేక, రంగు దిగనిదై ఉంటే కచ్చా కుట్లకు వాడుకోవచ్చు. ఆ కుట్లు ఎలాగూ తరువాత లాగివేసేవే.